కాశిబుగ్గ నుంచి పాకాల కట్ట దాకా

కాశిబుగ్గ నుంచి బయటపడి నర్సంపేట రోడ్డు పట్టుకుంటే పాకాల చెరువు దాదాపు 50 కిలోమీటర్లు. పోయిరావడం కలిపితే నూరు. సైకిల్ తొక్కేవాళ్ల లెక్కలో నూరు కిలోమీటర్లంటే సెంచరీ. ఒక్క పూటలో సెంచరీ కొట్టినవాళ్లకు తోటివాళ్లలో ఒక గౌరవం ఉంటుంది. నగరం, మార్కెట్టు, మిర్చి చేన్లు, జాతర, చిన్న పట్నం, అడవి, ఆఖరున కాకతీయుల చెరువు. ఇన్నీ ఒకే దారిలో తగలడం వరంగల్ వాళ్ల అదృష్టం. నేనూ నా బిడ్డా ఒకరితో ఒకరం పోటీపడటం నేర్చుకున్నది ఈ దారిలోనే. తల్లిదండ్రులూ పిల్లలూ ఒకే గీత మీద నిలబడి పందెం కడితే ఇద్దరికీ ఏం దక్కుతుందో నాకు తెలిసింది కూడా ఇక్కడే.

కాశిబుగ్గ చీకటితోనే లేస్తుంది. కాశీవిశ్వేశ్వరాలయం పక్క సందుల్లో పాల ప్యాకెట్ల బండ్లు తిరుగుతుంటాయి. చౌరస్తాలో చాయ్ మరుగుతుంటుంది. పక్కనే కొత్తవాడ. అక్కడ మగ్గాల మీద నేసే వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడి దశాబ్దాలు గడిచినా, సైరన్ కూతను బట్టి పొద్దు లెక్కపెట్టుకున్న పెద్దమనుషులు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వాళ్ల కాలంలో సైకిల్ బతుకుదెరువు. దాని మీదే డ్యూటీకి పోయారు, బియ్యం మూట తెచ్చుకున్నారు, బిడ్డను బడికి దింపారు. ముందు రాడ్డుకు చిన్న సీటు బిగించి పిల్లల్ని కూర్చోబెట్టుకునేవాళ్లు. దారంతా తండ్రి కంటే ముందు బిడ్డకే కనిపించేది. హ్యాండిల్ మాత్రం తండ్రి చేతిలోనే ఉండేది. ఆ సీటు చాలనంత ఎదిగిన పిల్లలు అద్దె సైకిల్ తెచ్చుకుని కైంచీ తొక్కుడు మొదలుపెట్టేవాళ్లు. సీటు అందకపోతే రాడ్డు కింది నుంచి కాలు దూర్చి తొక్కడమే. మోకాళ్లు చెక్కుకుపోయేవి, అయినా సైకిల్ వచ్చేసేది.

ఇప్పుడు మా ఇంటి ముందర రెండు రేసు సైకిళ్లున్నాయి. బయల్దేరే ముందు చేసే పని ఒకటుంది. బిడ్డ సైకిల్‌ను పెద్ద గేర్‌లో పెట్టి, పెడల్ నిలువుగా కిందికి ఉండేటట్టు ఆపి, చక్రం నేలను తాకిన చోట సుద్దతో గీత గీస్తాం. పెడల్ ఒక పూర్తి చుట్టు తిరిగేదాకా సైకిల్‌ను నెట్టి, ఆగిన చోట ఇంకో గీత. రెండు గీతల మధ్య టేపు పరుస్తాం. 7.93 మీటర్లు దాటకూడదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 17, 18 ఏళ్ల జూనియర్లకు చాలా కాలం పెట్టిన హద్దు అది. ఎదిగే వయసులో మోకాళ్ల మీద బరువు పడకూడదని, బలంతో కాకుండా వేగంగా కాళ్లు తిప్పడం నేర్చుకోవాలని. 2023 నుంచి ఆ నిబంధన తీసేశారు. మా ఇంట్లో మాత్రం కొనసాగుతోంది. నాకు ఆ హద్దు లేదు కాబట్టి పల్లంలో నేను ముందుకు పోతాను. కాళ్లు తిప్పే వేగంలో ఆమె నన్ను పట్టుకుంటుంది. అలా ఇద్దరికీ చెరో బలం ఉండటంతో పందెం రుచి చెడదు.

కాశిబుగ్గ దాటగానే ఎనుమాముల మార్కెట్ హడావిడి మొదలవుతుంది. ఆసియాలోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఇదొకటి. పత్తి, మక్కలు, పసుపు, అన్నిటికీ మించి మిర్చి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ట్రాక్టర్లు, లారీలు బారులు తీరుతాయి. ఎర్ర బస్తాలు అట్టీలుగా లేస్తాయి. ఆ కాలంలో ఇక్కడ ఊపిరి బిగబట్టి తొక్కాల్సిందే. గట్టిగా గాలి పీల్చామంటే ఘాటు గొంతులో దిగి దగ్గు ఆగదు. ఈ ముక్కలో పందెం లేదు, ఉండకూడదు కూడా. హెల్మెట్ పట్టీ సరిచూసుకుని, ఎడమ పక్కకు ఉండి, ఒకరి వెనుక ఒకరం పోతాం. గుంత వస్తే ముందున్నవాళ్లు చేత్తో చూపించాలి, రాళ్లూ కంకరా ఉంటే కేకెయ్యాలి. ఆ పని ఎవరు ముందుంటే వాళ్లది. బిడ్డ ముందుంటే ఆమె చూపించిన గుంతను నమ్మి నేను పక్కకు తిప్పుకోవాలి. బిడ్డ మాటను కళ్లు మూసుకుని నమ్మడం పెద్దలకు అంత తేలిగ్గా అలవడదు. ఈ రోడ్డు మీద తప్పదు, అలవడుతుంది.

ధర్మారం దాటి కోనాయమాకుల వైపు పోతుంటే రోడ్డు తెరుచుకుంటుంది. ఇక్కడి నుంచి గాలే అసలు ప్రత్యర్థి. సమతల నేల మీద గంటకు 30 కిలోమీటర్లు దాటిందంటే తొక్కేవాడి శ్రమలో అత్యధిక భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వేగం రెట్టింపు కావాలంటే గాలిని గెలవడానికి ఎనిమిది రెట్లు శక్తి కావాలి. అందుకే వెనుకవాడు ముందువాడి చక్రానికి జానెడు, మూరెడు దూరంలో అంటిపెట్టుకుని ఉంటాడు. దీన్ని డ్రాఫ్టింగ్ అంటారు. వెనుకవాడికి శ్రమలో పావు వంతు, ఒక్కోసారి మూడో వంతు దాకా మిగులుతుంది. మొదటి ఏడాదంతా గాలి నా ఛాతీకి తగిలింది, ఆమె నా వెనుక ఉండి దారి నేర్చుకుంది. ఇప్పుడు వంతులు వేసుకుంటాం. ఒకరు కాసేపు లాగి, మోచేయి ఆడించి పక్కకు తప్పుకుంటే ఇంకొకరు ముందుకొస్తారు. అందరూ ఒకేసారి బయల్దేరే రోడ్ రేసులో ప్రత్యర్థులు కూడా ఇట్లాగే వంతులు వేసుకుంటారు. సాయం చేసుకుంటూనే పోటీపడటం ఈ ఆట స్వభావం. ఇంట్లో కూడా మనం బతికేది అట్లాగే కాబట్టి కావచ్చు, తల్లిదండ్రులకూ పిల్లలకూ ఇంతగా కుదిరే ఆట ఇంకొకటి నాకు కనిపించలేదు.

ఈ గీసుగొండ, సంగెం మండలాల నేల మీదనే కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. ఇంకాస్త పోతే కొమ్మాల స్టేజీ. హోళీ పండుగకు ఇక్కడి లక్ష్మీనరసింహస్వామి జాతరకు ప్రభబండ్లు కదులుతాయి, రోడ్డు జనంతో నిండిపోతుంది. ఆ రోజుల్లో సైకిళ్లు ఇంట్లోనే. మిగతా రోజుల్లో ఈ ముక్కలో మా మాటలు పెద్ద పెద్ద రేసుల మీదికి పోతాయి.

ఎడ్డీ మెర్క్స్ టూర్ డి ఫ్రాన్స్‌ను 5 సార్లు గెలిచాడు. కొడుకు ఆక్సెల్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ రోడ్ రేసులో కాంస్యం తెచ్చాడు. కానీ తండ్రి 1978లో విరమించేసరికి కొడుకు చిన్న పిల్లవాడు. ఆడ్రీ వాండర్ పూల్ 2000లో ఆపేసినప్పుడు కొడుకు మథ్యూకు అయిదేళ్లు. మథ్యూ తాత రేమండ్ పూలిడోర్ ఎన్నిసార్లు టూర్‌లో దిగినా, ముందంజలో ఉన్నవాడు తొడిగే పసుపు జెర్సీ తొడగలేకపోయాడు. మనవడు 2021లో, తన మొదటి టూర్ రెండో రోజే దాన్ని తొడిగాడు. అప్పటికి తాత లేడు. ప్రపంచంలోకెల్లా గొప్ప సైకిల్ కుటుంబాలివి. అయినా ఒక తరం సత్తువ దిగిపోయాకే ఇంకో తరం సత్తువ లేచింది. తండ్రీ కొడుకులిద్దరూ ఒకే గీత మీద నిలబడే రోజు వాళ్లకు రాలేదు. జీతానికి తొక్కేవాళ్లకు లేని ఆ భాగ్యం సరదాకు తొక్కే మనకుంది. లవకుశులు తండ్రితో తలపడింది తండ్రని తెలియక. మనం తెలిసే తలపడవచ్చు.

గిర్నిబావి దగ్గర చాయ్‌కి ఆగుతాం. దుగ్గొండి, నర్సంపేట చుట్టుపక్కల చేన్లలో చపాట మిర్చి పండుతుంది. లావుగా, గుండ్రంగా ఉంటుందని టమాట మిర్చి అని కూడా అంటారు. రంగు ఎక్కువ, కారం తక్కువ. వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఏరుడు కాలంలో పొద్దుగాలనే చేనుకు పోయే కూలీల్లో తల్లులూ బిడ్డలూ కలిసే ఉంటారు. వరుసలు పట్టుకుని ఏరుతుంటే ఎవరి చెయ్యి ఎంత వేగమో వాళ్లకు వాళ్లే చూసుకుంటారు. "నీకంటే నేనే ముందు" అని తల్లిని ఉడికించే బిడ్డలు ప్రతి చేనులోనూ ఉంటారు. మన ఊళ్లలో పెద్దలకూ పిల్లలకూ పోటీ కొత్త సంగతేమీ కాదు. దానికో గంటా, ఓ గెలుపు గీతా కట్టడమే సైకిల్ పందెం చేసిన పని.

నర్సంపేటకు చేరేసరికి దాదాపు 35 కిలోమీటర్లు అయిపోతాయి. ఇడ్లీ తిని, సీసాల్లో నీళ్లు నింపుకుని, కాస్త ఉప్పు, చక్కెర కలుపుకుంటాం. ఇక్కడే వయసు లెక్క తేలేది. 30 ఏళ్లు దాటాక మనిషి ఒంట్లో ప్రాణవాయువును వాడుకునే శక్తి పదేళ్లకోసారి దాదాపు పదో వంతు తగ్గుతూ వస్తుంది. సాధన ఆపనివాళ్లలో ఆ తగ్గుదల నెమ్మదిగా ఉంటుంది గానీ ఆగదు. బిడ్డలో అదే శక్తి ఏడాదికేడాది పెరుగుతుంటుంది. ఒకటి దిగే గీత, ఒకటి లేచే గీత. రెండూ ఎక్కడో ఒక చోట కలుస్తాయి. పోటీ నిజంగా పోటీగా ఉండేది ఆ కొన్నేళ్లే. అంతకుముందు తండ్రి గెలుస్తాడు, తర్వాత బిడ్డ గెలుస్తుంది. ఆ నడిమి కాలాన్ని ఉద్యోగాలకూ ట్యూషన్లకూ పూర్తిగా అప్పజెప్పేసిన ఇళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ ఏళ్లు మళ్లీ రావు.

నర్సంపేట దాటి ఖానాపురం మీదుగా అశోక్‌నగర్ చేరేసరికి గాలిలో చల్లదనం మారుతుంది. మద్దులు, ఇప్పలు, టేకు చెట్ల నడుమ బండ్లు పలచబడతాయి. మా పందెం ఇక్కడ. దీన్ని టైమ్ ట్రయల్ అంటారు. ఒకరి తర్వాత ఒకరు, నిమిషం తేడాతో బయల్దేరాలి. ఎవరి గాలి వాళ్లదే. ఇంకొకరి వెనుక దాక్కోవడానికి లేదు. దాటేటప్పుడు పక్కకు కనీసం 2 మీటర్ల ఎడం పాటించాలి. దాటించుకున్నవాడు కిలోమీటరు లోపల 25 మీటర్లు వెనక్కి తగ్గాలి. ముందుకెళ్లినవాడి గాలినీడ వాడుకోకూడదన్నది నిబంధన.

నేను ముందు బయల్దేరతాను. నిమిషానికి ఆమె. వెనక్కి చూడను. అడవి నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి ముందుగా చైన్ చప్పుడు వినిపిస్తుంది. నాది బరువు గేరు, మెల్లగా తిరిగే చప్పుడు. ఆమెది గబగబా తిరిగే సన్నని చప్పుడు. ఒక రోజు ఆ రెండూ కలిసినట్టయి, కుడి పక్క నుంచి నీడ వచ్చి, ఆమె పోయింది. తల ఎత్తలేదు, నా వైపు చూడలేదు. ఎంత గట్టిగా తొక్కినా ఆ దూరం తగ్గలేదు. నిబంధన ప్రకారం నేను వెనక్కి తగ్గాల్సిన అవసరం రాలేదు, దూరం దానంతటదే పెరిగింది.

అడవి తెరుచుకుని పాకాల కట్ట కనిపిస్తుంది. గణపతిదేవ చక్రవర్తి కాలంలో, 13వ శతాబ్దంలో, జగదాల ముమ్మడి కట్టించిన చెరువు. గుట్టల నడుమ కట్ట పోసి వాగును నిలబెట్టారు. మున్నేరు ఇక్కడే పుట్టి ఖమ్మం మీదుగా పోయి కృష్ణలో కలుస్తుంది. చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. ఎనిమిది వందల ఏళ్లుగా కింది పొలాలకు నీళ్లిస్తున్న చెరువిది.

కట్ట మీద సైకిల్ ఆనించి నిలబడి నా బిడ్డ అడిగింది: "బాపూ, ఇయ్యాల నిజంగ తొక్కినవా? నా కోసం ఆగలేదు గదా?"

"నిజంగనే తొక్కిన బిడ్డా. ఒంట్ల ఏం మిగల్లేదు" అన్నాను. ఆమె ముఖంలో వచ్చిన వెలుగు నేను కొనిచ్చిన ఏ వస్తువుతోనూ రాలేదు.

కొడుకు చేతిలో ఓటమిని కోరుకోవాలని పెద్దలన్నారు. కోరుకొమ్మన్నారు గానీ, కావాలని ఓడిపొమ్మనలేదు. పసిపిల్లల దగ్గర ఉత్తుత్తిగా ఓడితే ముద్దు. ఎదిగిన పిల్లల దగ్గర ఉత్తుత్తిగా ఓడితే అది వాళ్లను చిన్నబుచ్చడం. మన పూర్తి బలాన్ని వాళ్ల ముందు పెట్టి, దాన్ని దాటమనడమే మర్యాద. అట్లా దాటినప్పుడే వాళ్ల గెలుపు వాళ్లదవుతుంది. అట్లా దాటనిచ్చినప్పుడే మన ఓటమి మనకు ఆనందమవుతుంది.

హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వెలోడ్రోమ్ అనే సైకిల్ పందేల ట్రాక్ కట్టారు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల మేర సోలార్ కప్పు కింద సైకిల్ దారి తెరిచారు. వరంగల్ పిల్లలకు అంత పెద్ద ఏర్పాట్లు ఇప్పటికిప్పుడు అక్కర్లేదు. అశోక్‌నగర్ నుంచి పాకాల దాకా ఏడాదికి ఒక్క ఆదివారం, పొద్దున రెండు గంటలు, అటవీ శాఖ అనుమతితో, పోలీసుల సాయంతో దారి వదిలితే చాలు. సబ్ జూనియర్, జూనియర్, ఎలీట్ అని వయసును బట్టి విడదీసే పందేలు ఎట్లాగూ ఉన్నాయి. వాటి పక్కన ఇంకొక్కటి పెట్టాలి: ఒక తల్లో తండ్రో, ఒక బిడ్డా. నిమిషం తేడాతో ఇద్దరూ బయల్దేరాలి. ఇద్దరి సమయాలూ బోర్డు మీద విడివిడిగా రాయాలి. రేసు సైకిలే ఉండాలని లేదు, కొత్తవాడ నుంచి పాత సైకిల్ మీద వచ్చినా చోటివ్వాలి. హెల్మెట్ ఒక్కటి తప్పనిసరి. సైక్లింగ్ సంఘాలూ బడుల వ్యాయామ ఉపాధ్యాయులూ పూనుకుంటే ఇది పెద్ద ఖర్చు కాదు. దరఖాస్తు రాయడానికీ, తెల్లవారుజామున దారి పొడవునా నిలబడి నీళ్లందించడానికీ నేను సిద్ధం. పందెంలో దిగడానికి మేమిద్దరం ఎప్పుడో సిద్ధం.