బోడకాకరకు సంబంధం చూశాం

వానాకాలం మొదలైందంటే చాలు, మా ఇంట్లో రోజూ ఒకటే ప్రశ్న. నేను ప్రకాశం బజారు నుంచి కూరగాయల సంచీతో లోపల అడుగుపెట్టగానే అత్తమ్మ అడుగుతుంది.

"బోడకాకర వచ్చినయా?"

"వచ్చినయ్. పావుకిలో డెబ్బయి అంటున్నరు."

"గా పైసలకు ఇంకిన్ని కలిపితే మాంసమే వస్తది గదా!"

అని మూతి తిప్పుకుంటుంది కానీ, సంచీలోకి తొంగి చూడటం మాత్రం మానదు. ఆమె పుట్టిల్లు దేవరకొండ వైపు. చిన్నప్పుడు బోడకాకరను ఎవరూ కొన్నది లేదట. తొలకరి పడ్డ పది పదిహేను రోజులకే గట్ల మీది కంపలకు తీగలు అల్లుకునేవి. పొద్దున్నే ఒడి నిండా కోసుకొస్తే ఆ పూట కూర అయిపోయేది. విత్తనం వేసింది లేదు, నీళ్లు పోసింది లేదు. భూమిలో గడ్డ ఉంటుంది. ఎండాకాలమంతా చచ్చినట్టు పడుకుని, వాన వాసన తగలగానే లేస్తుంది.

ఆ గట్టు ఇప్పుడు లేదు. భూమి అమ్ముడుపోయి ప్లాట్లయింది. మిషను పెట్టి కంపంతా చదును చేస్తారని తెలిసిన రోజు, అత్తమ్మ గడ్డపార పట్టుకుని పోయి ఒక్క గడ్డ తవ్వి తెచ్చింది. నల్లగొండలో మా డాబా మీద ఒక పాత పెయింటు డబ్బాలో మట్టి పోసి పాతింది. అంత పొలంలో ఆమె తెచ్చుకున్నది అదొక్కటే.

మొదటి వానకే తీగ లేచింది. పిట్టగోడ మీదుగా డిష్ యాంటెన్నా దాకా పాకింది. పసుపుపచ్చ పూలు. ప్రతి పువ్వు కింద మెత్తని ముళ్లతో గోటంత కాయ. ఇక కూరకు కొదవ లేదనుకున్నాం. నాలుగు రోజులకు ఆ పిందెలు పసుపెక్కి రాలిపోయాయి. మళ్లీ పూసింది, మళ్లీ రాలింది. వేపనూనె కొట్టాం, ఎరువేశాం. ఎవరో దిష్టి అన్నారు, గుమ్మడికాయ కూడా తిప్పాం. మరుసటి ఏడాదీ అంతే.

చివరికి రహస్యం చెప్పింది బజారులో బోడకాకర అమ్మే తండా అవ్వ. నా గోడు విని పకపకా నవ్వింది. "నీ దగ్గర ఆడిదే ఉన్నది బిడ్డా. మొగది లేకుంటే కాయ ఎట్ల నిలుస్తది?"

సొరకు, బీరకు, గుమ్మడికి ఒకే తీగ మీద ఆడపువ్వూ మగపువ్వూ రెండూ పూస్తాయి. బోడకాకరలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. తాటిచెట్టు సంగతి మనకు తెలిసిందే, పోతుతాడు కాయ కాయదు. బొప్పాయి పెంచినవాళ్లకూ ఇది అనుభవమే. ఆడపువ్వుకు అడుగున పిందె ఉంటుంది. మగపువ్వుకు పిందె ఉండదు, కాడ చివర చిన్న ఆకు దొప్పలాంటిది ఉంటుంది. పూసేదాకా ఏది ఏదో పోల్చలేం. పంటగా వేసే రైతులు తొమ్మిది పది ఆడ తీగలకు ఒక మగ తీగ ఉండేట్టు చూసుకుంటారు. పువ్వు విచ్చుకునేది పొద్దుగూకే వేళ. అప్పుడు తిరిగే రెక్కల పురుగులు మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వు మీద వదలాలి. మా డాబా చుట్టూ సెల్ టవర్లు, వాటర్ ట్యాంకులు తప్ప మగ తీగ ఎక్కడిది?

మొక్కల్లో ఆడామగా ఉంటాయన్నది లోకం ఒప్పుకోవడానికి చాలాకాలమే పట్టింది. 1694లో జర్మనీలో కామెరారియస్ అనే ఆయన ఆముదం మొక్కల మగపూలు తుంచేసి చూస్తే గింజ పట్టలేదట. మన రైతులకు ఇది ఎప్పటి నుంచో తెలుసు. మంచికే కాదు, చెడ్డకు కూడా. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ నివేదికలో ఒక సంగతుంది. బెంగాల్‌లో గంజాయి పండించేవాళ్లు, మగ మొక్కలను పోల్చి పీకేయడానికే ప్రత్యేకంగా ఒక మనిషిని పిలిపించుకునేవారట. అక్కడ గింజ పట్టకూడదు, అదీ వాళ్ల లెక్క. 1985 చట్టం వచ్చాక అనుమతి లేకుండా ఆ మొక్క పెంచితే జైలే కాబట్టి దాని ఊసు మనకొద్దు. మాకు కావలసింది గింజే.

గింజ ఎందుకంటే, గడ్డకూ వయసైపోతుంది. ఆ ఒక్క డబ్బాలో చీడ పడినా, ఓ వేసవిలో మేం నీళ్లు ఎక్కువ పోసి కుళ్లబెట్టినా అత్తమ్మ పుట్టింటి గట్టు మొత్తం పోయినట్టే. "కూర లేకపోతే మానె, గింజ జేసుకోవాలె" అన్నది ఆమె. ఆ మాట అన్నప్పుడు నవ్వలేదు.

తండా అవ్వను బతిమాలాను. "కాయనిదాన్ని ఎవలు మోసుకొస్తరు?" అంటూనే, మూడో రోజు మొదటి బస్సుకు తడిగుడ్డలో చుట్టి మగ తీగ ముక్కలు నాలుగు తెచ్చింది. అన్నిటికీ మొగ్గలున్నాయి. డబ్బులిస్తే తీసుకోలేదు. "పెండ్లికి కట్నమా?" అంది.

ముక్కలను గ్లాసు నీళ్లలో పెట్టి సాయంత్రం దాకా కాచుకున్నాం. పొద్దుగూకుతుండగా మొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. తీరా చేతిలోకి తీసుకున్నాక నాకు వణుకు. మొదటి ఆడపువ్వు మధ్యనున్న మెత్తని కీలాన్ని నేనే విరిచేశాను. రెండోది కాడతో సహా ఊడొచ్చింది. అప్పుడే బట్టలు తీయడానికి డాబా మీదికి వచ్చింది కింది పోర్షన్‌లో అద్దెకుండే ఆమె. జాకెట్లు కుడుతుంది. గద్వాల దగ్గర ఊరు. ఓ నిమిషం నిలబడి చూసి, తీగల మీదున్న బట్టలన్నీ తీసి నా భుజం మీద వేసింది.

"ఇటియ్యక్కా. క్రాసింగే కదా."

మగపువ్వు రేకులు ఒక్క లాగుతో వెనక్కి మడిచింది. రెండో చేతి రెండు వేళ్ల మధ్య ఆడపువ్వును పట్టుకుంది, పట్టుకున్నట్టే లేదు. పుప్పొడి అలా తాకించి వదిలేసింది. ఒకటి, రెండు, మూడు... ఆరు పూలు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆఖరున తన జాకెట్‌కు గుచ్చుకున్న ఎర్రదారం ముక్కలు తీసి ఒక్కో కాడకు వదులుగా కట్టింది. ఎందుకని అడిగితే, తనకే వింతగా తోచినట్టు నవ్వింది. "అలవాటు. కట్టకుంటే ఏది చేసినమో తెల్వది, కూలి లెక్కకు రాదు."

పదేళ్ల వయసులో నేర్చుకున్న పని అది.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ పత్తి విత్తనానికి పేరు. 1970లో గుజరాత్‌లోని సూరత్‌లో డాక్టర్ సి.టి.పటేల్ హైబ్రిడ్-4 పత్తి తీసుకొచ్చారు. వ్యాపారానికి వచ్చిన హైబ్రిడ్ పత్తుల్లో ప్రపంచంలో అదే మొదటిది. హైబ్రిడ్ విత్తనం దానంతటది తయారు కాదు. పత్తిపువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. రేపు విచ్చుకునే మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోటితో చుట్టూ గాటు పెట్టి, రేకులనూ పుప్పొడి తిత్తులనూ కలిపి ఊడదీయాలి. లోపలి కీలానికి గోరు తగిలితే కాయ రాలుతుంది. గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. మర్నాడు పొద్దున ఇంకో రకం పత్తిపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. చేనంతా, ఒక్కో మొగ్గకూ, ప్రతి రోజూ. బడులు నడిచే నెలల్లోనే ఈ పని.

దీనికి చిన్న చేతులైతే మేలని, చేను ఎత్తుకు పిల్లలైతే వంగే పని లేదని చెప్పేవారు. అసలు కారణం కూలి తక్కువ కావడమే. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి పిల్లల్ని చేలకు పిలిపించుకునేవారు. అందులో ఎక్కువమంది ఆడపిల్లలే.

"పొద్దుగాల నాలుగింటికి ట్రాక్టరొచ్చేది అక్కా. మందు కొట్టిన చేన్లనే పని. చేతులు మంట. గోరు పెరిగితె సంబురం, పని తొందరగ అయితది గదా" అని బొటనవేలు చూపించింది. ఆ గోరు ఇప్పటికీ కాస్త పొడుగే. దారం తెంపడానికి ఉంచుకుందట.

ఆమెకూ నాకూ ఒకటే వయసు. లెక్కేసుకుంటే అది 2003. పిల్లల్ని పని నుంచి బడికి మళ్లించినందుకు శాంతా సిన్హా గారికి మెగసెసే అవార్డు వచ్చిన సంవత్సరమే. నేను ఐదో తరగతిలో జనరల్ నాలెడ్జి కోసం ఆ పేరు బట్టీ పట్టాను. ఉద్యోగంలో చేరాక నల్లగొండ పత్తి రైతు మీద, విత్తనాల షాపుల ముందు క్యూల మీద అరపేజీ కథనాలు రాశాను. ఆ పాకెట్‌లో గింజ ఎలా పడిందని ఒక్కసారి కూడా అడగలేదు. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016లో చట్టం సవరించారు. సొంత కుటుంబం పనికి మాత్రం, బడి వేళలు కాకుండా, వెసులుబాటు ఉంచారు. ఆ సందులోంచి చేలోకి దారి ఉందని నా అనుమానం.

మనం రోజూ వాడే వెనీలా వాసన వెనకా ఇలాంటి పిల్లవాడే ఉన్నాడు. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో వెనీలా తీగలు పూసేవి కానీ కాసేవి కావు. 1841లో ఎడ్మండ్ అనే 12 ఏళ్ల బానిస పిల్లవాడు సన్నని పుల్లతో, బొటనవేలితో పువ్వును కలిపే ఉపాయం కనిపెట్టాడు. దాంతో తోటల యజమానులు కోట్లు గడించారు. 1848లో బానిసత్వం రద్దయ్యాకే అతనికి ఆల్బియస్ అనే ఇంటిపేరు దక్కింది. 1880లో పేదరికంలోనే పోయాడు.

మర్నాడు సాయంత్రం మళ్లీ అందరం డాబా ఎక్కాం. గ్లాసులో ఇంకో మూడు మగపూలు విచ్చుకున్నాయి. ఆరో తరగతి చదివే ఆమె కూతురు "నేను చేస్త మమ్మీ" అంటూ పువ్వు అందుకుంది. ఆమె ఒక్కసారిగా చెయ్యి పట్టి లాగేసింది. పువ్వు కింద పడింది. పిల్ల బిత్తరపోయింది, మేమూ అంతే. "లెక్కలు చేసుకో పో" అని కిందికి పంపించేసింది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. మిగతా రెండు పూలూ ఆమే కలిపింది.

మొత్తం ఎనిమిదిలో అయిదు నిలిచాయి. రెండు వారాలకు కూరకు సరిపడా ఊరాయి. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. గింజ ముదరాలంటే కాయ తీగ మీదే పండాలి. అత్తమ్మ రోజూ పొద్దున పైకొచ్చి కాయల్ని తడిమి, "అన్నీ పండబెట్టాల్నా? ఒక్కటన్న వేపుకుందాం" అనేది. ఒకటి వేపాం కూడా. ఐదుగురికి తలా రెండు ముక్కలు.

నెల దాటేసరికి మిగతా నాలుగూ నారింజ రంగుకు తిరిగి, వాటంతటవే పగిలాయి. లోపల ఎర్రని గుజ్జు, దాని నిండా నల్లని గింజలు. అత్తమ్మ బూడిదలో రుద్ది, కడిగి, నీడలో ఆరబెట్టి లెక్కపెట్టింది. యాభై మూడు. వాటిలో పది తండా అవ్వకు, పది కింది పోర్షన్‌కు. మిగతావి హార్లిక్స్ సీసాలో పోసి, దేవుడి గూట్లో పెట్టింది.

బోడకాకర గింజకు మొండితనం ఎక్కువ, అంత తేలిగ్గా మొలవదు. ఈ తొలకరికి పన్నెండు పాతితే నాలుగు లేచాయి. నాలుగూ ఇప్పుడు మోకాలెత్తున ఉన్నాయి. ఆడవో మగవో పూస్తేగానీ తెలియదు. కింది పోర్షన్ పిల్ల నాలుగు డబ్బాలకూ స్కెచ్ పెన్నుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నంబర్లు వేసి, పక్కన ఖాళీ ఉంచింది. పూశాక రాస్తుందట.