కొండమీది హాజరు పట్టీ

పాడేరు కనుమదారిలో వంట్లమామిడి దాటిన పిమ్మట, మలుపు మలుపునకును ఒక లోయ తెరచుకొనుచుండగా, కాఫీ తోటలపై నిలిచిన సిల్వరు ఓకు చెట్ల సన్నని నీడలలో సాగిపోవుట ఏ ఋతువునందైనను మనస్సునకు హాయి గొలుపునదే; కాని 2020వ సంవత్సరపు కార్తిక మాసమున నేనా దారిని పోయినది వనవిహారమునకు గాదు. కరోనా మహమ్మారి కారణమున ఆ సంవత్సరము మార్చి 19వ తేదీ మొదలు ఆంధ్రప్రదేశమునందలి పాఠశాలలన్నియు మూతపడియుండెను. నవంబరు 2వ తేదీన తొమ్మిది, పది తరగతులవారికి తలుపులు తెరచిరి గాని, అయిదవ తరగతి వరకు గల చిన్నపిల్లల బడులు మరుసటి ఫిబ్రవరి 1వ తేదీ దాక తెరువబడలేదు. ముంచంగిపుట్టు ప్రాంతమున ఒక ఏకోపాధ్యాయ పాఠశాల మేస్టారు, బడికి తాళమున్నను పిల్లలను మాత్రము చేజారనీయక గూడెము గూడెమునకు తిరుగుచున్నాడని పాడేరులో మిత్రుడొకడు చెప్పగా, ఆయన వెంట నడచి ఆ పని చూడవలెనని బయలుదేరితిని. తన పేరును, ఊరి పేరును వ్రాయవలదని ఆయన కోరినందున ఆ రెంటిని విడిచి, చూచినది చూచినట్లు విన్నవించుచున్నాను.

పెదబయలు దాటినప్పటి నుండి మెట్టపొలములందు వలిసె పూచి కొండవాలులు పసుపుపచ్చగా నుండెను. ఆ పైన మాచ్‌ఖండ్ నదీలోయ. ఆ నదీజలముతో 1955 నుండి విద్యుచ్ఛక్తి పుట్టుచు రెండు రాష్ట్రములకు పంపిణీ యగుచున్నది. ఆ చుట్టుపట్ల గూడెములలో మాత్రము చేతి ఫోనునకు సంకేతమందవలెనన్న ఏ బండయో యెక్కి నిలువవలసియుండెను. జీపు నడువగల దారి ముగిసినచోట మేస్టారు నాకై వేచియుండిరి. భుజమున గుడ్డసంచి, చేత గొడుగు, ముఖమునకు మాస్కు. మైదాన ప్రాంతమున మాడుగుల వైపు పుట్టి, ఉద్యోగము రాగానే కొండ యెక్కి, ఇప్పటికి తలనెరసినవాడు. ఇద్దరమును గెడ్డ దాటి నడక సాగించితిమి.

నడుచుచునే ఆయన మొదటి నెలల సంగతి చెప్పుకొచ్చెను. మార్చి నెలాఖరున దేశమంతట కట్టడి విధింపబడినప్పుడు, కొండజనము తమంతట తామే ఊరి దారులకు అడ్డముగా చెట్లు కూల్చి, ముండ్లకంపలు వేసి, పైవారెవరును రాకుండ కాపలా కాచిరట. రోగము పట్టణమునుండి వచ్చుననియు, తమకు వైద్యము దూరమనియు వారెరుగుదురు గనుక ఆ జాగ్రత్తను తప్పుపట్టుటకు వీలులేదు. మేస్టారు పాడేరునుండి వచ్చువాడు గనుక ఆయనయును పైవాడే యయ్యెను.

“కంపకి అవతల నేను, ఇవతల పిల్లలు. లోపలికి రానివ్వమని నేను అడగలేదండి, వాళ్ళ భయం వాళ్ళది. అక్కడే నిలబడి హాజరు పట్టీ తీసి పేర్లు పిలిచాను. ఒక్కొక్కడూ ‘ఉన్నాను సార్’ అన్నాడు. పలకనివాడు ఎక్కడున్నాడో పక్కవాడు చెప్పాడు. ఆ రోజుకి అదే పాఠం,” అనెను.

ఈ పేర్లు పిలుచుటయే ఆయన చేసిన సకల కార్యములకును మూలస్తంభమని తరువాత నాకు తెలియవచ్చినది. వేసవి ముగిసి కంపలు తీసివేసిన పిదప ఆయన ఒక నియమము పెట్టుకొనెను. తన బడికి పిల్లలను పంపు గూడెములు కొండకొకటిగా విడివిడిగా నున్నవి. వారమునం దే దినమున ఏ గూడెమునకు పోవలెనో నిర్ణయించి, వానయైనను, గెడ్డ పొంగినను, ఆ దినమున ఆ గూడెమున కనబడుట. పొంగిన గెడ్డను దాటలేని దినములలో గట్టుమీద నిలిచి కేకవేయగా, పెద్దపిల్లలు ఆవలి గట్టునకు వచ్చి మాటలాడెడివారట.

మేము చేరునప్పటికి గూడెములో చోడిపంట కోతలు సాగుచుండెను. కల్లము ప్రక్క చింతచెట్టు క్రింద పిల్లలు ఎడముఎడముగా కూర్చుండియుండిరి. దూరముండవలెనను నిబంధనకు మేస్టారు కొలబద్ద నుపయోగింపక, ఒక్కొక్క పిల్లవానిని తన రెండుచేతులును చాచి గుండ్రముగా తిరుగుమని, ఎవరికిని తగులనిచోట కూర్చుండుమని చెప్పెను. సంచిలోనుండి హాజరు పట్టీ వెలువడెను. అది ప్రభుత్వపు రిజిస్టరు గాదు. ఇంటివద్ద తానే గీతలు గీచుకొనిన నోటుపుస్తకము. ప్రతి పిల్లవాని పేరున ఒక పుట. నేను కొన్ని పుటలు చదివితిని. ‘కూడికలు వచ్చును, తీసివేతలో అప్పు తెచ్చుట మరచెను’ అని యొకచోట. ‘తండ్రితో అడ్డాకులు కోయుటకు పోవుచున్నాడు, సాయంకాలము మాత్రమే దొరకును’ అని మరియొకచోట. ‘నవ్వుట తగ్గినది, తల్లితో మాటలాడవలెను’ అని ఇంకొకచోట. పర్యవేక్షకులెవ్వరును అడుగని వివరములివి. కాని ఏ పిల్లవానితో ఆ దినమున ఏమి మాటలాడవలెనో ఇట్టి ఒక్కొక్క పంక్తి చెప్పుచుండెను.

పాఠము మొదలయ్యెను. కోసి కట్టలుగా పేర్చిన అడ్డాకులే లెక్కలకు సాధనము: కట్టకు నూరు చొప్పున, సంతలో కట్ట ధర యింతయైనచో మూడు కట్టలకెంత యని. చిన్నవారు బలపములతో పలకలమీదను, పెద్దవారు వర్క్‌షీట్ల వెనుకవైపునను వ్రాసిరి. ఆ తరువాత ఒక వృద్ధురాలిని పిలిచి కథ చెప్పుమనెను. ఆమె తన భాషలో ఎలుగుబంటి కథ చెప్పగా, పిల్లలు ఒక్కొక్క వాక్యముగా దానిని తెలుగున మరల చెప్పవలెను. మాట తోచనివాడు ప్రక్కవానిని చూచును. వానికిని తోచనిచో మేస్టారు అందించును. ఈ పనికే ఆయన అన్నిటికంటె ఎక్కువ కాలము వినియోగించుట చూచి, పాఠ్యపుస్తకమింక మిగిలియుండగా ఇదేల యని అడిగితిని.

“తెలుగు వీళ్ళకి బడిలోనే ఉందండి,” అనెను మేస్టారు. “ఇంట్లో కువి, పక్క ఊరివాళ్ళతో ఒడియా. తెలుగంటే సంతలో నాలుగు బేరం మాటలు. కింద ఊళ్ళలో పిల్లాడికి బడి లేకపోతే ఎక్కాలు మరిచిపోతాడు. వీడు పుస్తకంలో ఉన్న భాషే మరిచిపోతాడు. మళ్ళీ బడి తెరిచేసరికి పుస్తకం విప్పితే అందులో ఏముందో వీడికి వినపడదు.”

ఈ మాట యందలి సత్యమును మైదాన ప్రాంతపు విద్యావేత్తలు బాగుగా నాలోచింపవలెను. 2004 నుండి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కువి, ఆదివాసీ ఒడియా, సవర, కొండ, కోయ, గోండి, కొలామీ, బంజారా భాషలలో ప్రారంభవిద్య నేర్పుటకు పుస్తకములు సిద్ధము చేయించుట, ఇంటి భాషనుండి బడి భాషకు పిల్లవానిని మెల్లగా నడిపింపవలెనను సద్బుద్ధితోనే. ఆ నడక మధ్యలో పది నెలలపాటు ఆగిపోయినచో పిల్లవాడు ఎటును చేరక నిలిచిపోవును. కావుననే మేస్టారు పాఠముల సంఖ్యను లెక్కింపక, ప్రతి పిల్లవాని నోటను వారమునకొకసారియైనను తెలుగు పలికించుటను తన కనీస ధర్మముగా పెట్టుకొనెను.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండెనని పలుకుట న్యాయము కాదు. సప్తగిరి దూరదర్శన్‌లో తరగతుల వారీగా పాఠములు ప్రసారమయ్యెను; తెలంగాణమున సెప్టెంబరు 1వ తేదీ నుండి యాదగిరి దూరదర్శన్, టీశాట్ ద్వారా పాఠములు సాగెను; వాట్సాప్ గుంపులు వెలసెను. అవి అందినచోట మేలు చేసినవి. ఆ గూడెములో టీవీ యున్న ఇంట కరెంటు నిలకడగా నుండెడిది కాదు. ఫోనున్న ఇంట సంకేతముండెడిది కాదు. ఇంతకంటె పనికివచ్చినది మధ్యాహ్న భోజనమునకు బదులుగా పిల్లల ఇండ్లకు పంపిణీ చేసిన బియ్యము, కోడిగుడ్లు, వేరుశనగ చిక్కీలు. మేస్టారు ఆ పంపిణీని కేవలము తూకముల వ్యవహారముగా విడువలేదు. గుడ్లు పుచ్చుకొనుటకు తల్లులు వచ్చినప్పుడు పిల్లవానిని గూడ వెంట తెమ్మనెడివాడు. తల్లి యెదుటనే వానిచేత రెండు పంక్తులు చదివించి, వచ్చినది మెచ్చుకొని, రానిది గుర్తు వేసికొనెడివాడు.

వారపు సంత ఆయనకు రెండవ బడి. తాను చేరలేని దూరపు గూడెములవారందరును ఉప్పునకు, కిరసనాయిలునకు అక్కడకు దిగివచ్చుట తప్పదు గదా. పసుపు, మిరియాలు తూచు షావుకారు కొట్టు ప్రక్కన బల్లమీద మేస్టారు కూర్చుండును. తండ్రులు పిల్లల నోటుపుస్తకములను మొలకు చెక్కుకొని తెచ్చి ఇత్తురు. ఆయన దిద్ది, క్రొత్తపని వ్రాసి, అదే సంతలో తిరిగి అప్పగించును. నేను పోయిననాడు ఒక తండ్రి పుస్తకము చేతికిచ్చుచు, “మేస్టరు బాబూ, మావోడు ఈ వారం రెండు కాగితాలు రాసినాడు, సూడండి,” అని తానే పరీక్షకు కూర్చుండినట్లు ఎదుట నిలువబడెను. తాను అక్షరమెరుగని ఆ మనుష్యుడు ఆ పుస్తకమును వానకు తడియకుండ అడ్డాకులలో చుట్టి తెచ్చియుండెను.

ఆశ్రమ పాఠశాలలు మూతపడుటచే ఇండ్లకు చేరిన పెద్దపిల్లలను ఆయన సహాయకులుగా చేసికొనెను. ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె ఆ గూడెమున చిన్నవారిని ప్రతిదిన ప్రాతఃకాలమున చేర్చి చదివించుచు, ఊరి పైనున్న బండ యెక్కి మేస్టారికి ఫోను చేసి సంగతులు తెలుపుచుండెను. దీనివలన తన చదువును మరువకుండుట ఆమెకు గలిగిన లాభము. ఇట్టి ఏర్పాటు లేని గూడెములలో ఆమె యీడు పిల్లలు కాఫీపండ్లు కోయు కూలికి పోయిరి. మేస్టారి పట్టీలో రెండు పుటలు ఖాళీగా నుండుట కనిపించి అడుగగా, ఒక బాలుడు అన్నతో కూడ పనికి పోయెననియు, ఒక బాలికకు పెండ్లిమాటలు నడచుచున్నవనియు చెప్పెను. బాలిక తల్లిదండ్రులతో మాటలాడి ఆ మాటలను వాయిదా వేయించెను. బాలుని జాడ మాత్రము మేము కలిసికొనునప్పటికి తెలియలేదు. ఇంత శ్రమపడిన ఉపాధ్యాయుని చేతినుండియు జారిపోయినవారు గలరన్నచో, శ్రమపడనిచోట ఎందరు జారిరో ఊహింపవచ్చును.

ఇట్టివారు ఇంకను ఉన్నారు. ఝార్ఖండ్ రాష్ట్రమున దుమ్కా జిల్లాలోని డుమర్‌థర్ గ్రామమున ఇండ్ల మట్టిగోడలపై పిల్లలకు వేర్వేరుగా నల్లబల్లలు దిద్ది, ఎవరి అరుగుమీద వారిని కూర్చుండబెట్టి పాఠము చెప్పిరి. అదే జిల్లాలో బన్‌కాఠీయందు చెట్లకు ధ్వనివర్ధకములు కట్టి పాఠము వినిపించిరి. సాధనములు వేరైనను, గురువు శిష్యుడున్నచోటికి పోయెననుట అన్నిటను సమానము. అట్లు పోలేనిచోట ఏమి జరిగెనో తరువాతి పరిశీలనలు తేటపరచినవి. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయమువారు 2021 ఆరంభమున అయిదు రాష్ట్రములలో 16,067 మంది పిల్లలను పరీక్షించి, అంతకు ముందు సంవత్సరము వచ్చిన భాషానైపుణ్యములలో ఒక్కటియైనను కోల్పోయినవారు నూటికి 92 మందియనియు, గణితమున 82 మందియనియు తేల్చిరి. అదే సంవత్సరము ఆగస్టున రాష్ట్రములు, కేంద్రపాలిత ప్రాంతములు కలిపి పదునైదింటిలో బీదకుటుంబముల నడుమ జరిగిన మరొక సర్వేలో, పల్లెపిల్లలలో క్రమముగా ఆన్‌లైన్ పాఠములు చదువుచున్నవారు నూటికి 8 మంది మాత్రమే. బొత్తిగా చదువే లేనివారు 37 మంది. ఈ అంకెలలో కొండపిల్లవాని భాషానష్టము ప్రత్యేకముగా లెక్కకు రాలేదు. వచ్చినచో చిత్రమింకను విషాదకరముగా నుండెడిది.

ఈ వృత్తాంతమును ఒక మహానుభావుని త్యాగగాథగా చదివి, నమస్కరించి, పుట త్రిప్పివేయుట సులభము. మేస్టారు దానికి సమ్మతింపడు. “నేను సెలవు పెడితే ఈ బడికి ఎవరూ లేరండి. నాకు జ్వరమొస్తే కొండకంతకీ జ్వరమొచ్చినట్టే,” అని ఆయన పలికిన మాటలో మన విద్యాపరిపాలన లోపమంతయు గలదు. ఒక్కని కాళ్ళ సత్తువపై నిలిచిన విద్య ఎంత చక్కనిదైనను నిలుకడైనది కానేరదు. కావున ప్రభుత్వమును, విద్యాశాఖను నేను కోరునది మూడే: కొండమీది ఏకోపాధ్యాయ పాఠశాలలన్నింటికి రెండవ ఉపాధ్యాయుని నియమింపవలెను; ఆ గూడెపు భాష మాటలాడగల స్థానిక యువతీయువకులను తాత్కాలిక వాలంటీర్లుగా కాక, జీతభత్యములు గల ఉద్యోగులుగా బడిలో నిలుపవలెను; వరద వచ్చినను, రోగము వచ్చినను, బడి మూతపడిన మరునాటి నుండియే ఏ పిల్లవానిని ఎవరు, ఎక్కడ, ఏ దినమున కలిసికొందురో ముందే వ్రాసిపెట్టుకొనిన పట్టీ ప్రతి పాఠశాలలోను ఉండవలెను. మొదటి రెంటికి ధనము కావలెను. మూడవదానికి ఒక నోటుపుస్తకము చాలును. దానిని రేపే మొదలుపెట్టవచ్చును.