రోజుకు రూపాయి

ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో చేరిన కొత్తల్లో నా బల్ల మీద తేదీ ముద్ర, ఇంకు ప్యాడు, జరిమానా రసీదు పుస్తకం ఉండేవి. గడువు పద్నాలుగు రోజులు, దాటితే రోజుకు రూపాయి. ఫైన్ ఉంటేనే పుస్తకాలు తిరిగొస్తాయని నా నమ్మకం.

ఆ నమ్మకాన్ని ఓ మెకానికల్ కుర్రాడు పోగొట్టాడు. గ్రేవాల్ మ్యాథ్స్ పుస్తకం చంకలో పెట్టుకుని, "సార్, సెమ్ పరీక్షలయ్యేదాకా ఇది నా దగ్గరే ఉంటుంది. ఎంతయిందో అప్పుడు చెప్పండి, కట్టేస్తా" అన్నాడు. ఎగతాళేం కాదు, లెక్క అంతే. నెలకు ముప్పై రూపాయలకు అంత లావు పుస్తకం అద్దెకు దొరికితే ఎవరు వదులుకుంటారు? అదే పుస్తకం కోసం తిరుగుతున్న అమ్మాయికి మాత్రం ఆ ముప్పైలో పైసా చేరదు. అది అకౌంట్స్ సెక్షన్‌కు పోతుంది.

ఇంకొందరు సెలవులకు ఊరెళ్లి ఆలస్యం చేసి, నలభై రూపాయలు పడిందని తెలిసి లైబ్రరీ గడప తొక్కడమే మానేస్తారు. మళ్లీ కనిపించేది నాలుగో ఏట, నో డ్యూస్ ఫారంతో. అప్పటికి పుస్తకం పాత సిలబస్ అయిపోయి ఉంటుంది.

పాఠకుడి కాలం ఆదా చేయాలన్నది 1931లో రంగనాథన్ చెప్పిన అయిదు గ్రంథాలయ శాస్త్ర సూత్రాల్లో నాలుగోది. పరీక్షలో దాని గురించి పేజీలకు పేజీలు రాశాను. కౌంటర్లో కూర్చున్నాక మాత్రం ఒకరి కాలం పోతే ఇంకొకరి దగ్గర రూపాయి వసూలు చేశాను.

కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌కు మారాక దారి దొరికింది. న్యూజిలాండ్‌లో పుట్టిన ఈ ప్రోగ్రాం పేరుకు మావోరీ భాషలో కానుక అని అర్థం. అందులో జరిమానాకు బదులు కొన్నాళ్లు కొత్త పుస్తకం ఇవ్వకుండా ఆపే వీలుంది. జరిమానాలు సామాజిక అసమానతేనని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2019లో చేసిన తీర్మానాన్ని ప్రిన్సిపాల్ గారికి చూపించాను. ఆయన మనసు మార్చింది అది కాదు, రసీదులు రాయడానికి పోతున్న మా గంటలు.

మొదటి సెమిస్టర్లోనే బోల్తా పడ్డాను. పన్నెండు రోజులు ఆలస్యం చేసినవాణ్ణి పన్నెండు రోజులు ఆపేస్తే, సరిగ్గా పరీక్షల ముందు వాడి చేతిలో పుస్తకం లేదు. డబ్బున్నవాళ్లు కొనుక్కున్నారు, వీడు కౌంటర్ ముందు నిలబడ్డాడు. ఈ భాగ్యానికి ఫైనే నయం! తర్వాత పుస్తకం ఇవ్వకుండా ఆపే కాలాన్ని మూడు రోజులకు కుదించాను. ఆపినవాళ్లకు కూడా సాయంత్రం అయిదుకు ఇచ్చి పొద్దున తొమ్మిదికి తీసుకుంటాను.

ఎవరూ అడగని పుస్తకం ఆలస్యమైతే నష్టమెవరికి? అందుకే ఎవరూ రిజర్వు చేయనంతవరకు దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టాం. ఎవరైనా అడిగితే "గడువు దాటింది" అనకుండా, "మీ దగ్గరున్న పుస్తకం కోసం మరొకరు ఎదురుచూస్తున్నారు" అని మెసేజ్ వెళుతుంది. అది పనిచేసినట్టు రూపాయి ఏనాడూ పనిచేయలేదు. పోగొట్టినవాళ్లు మాత్రం కొనివ్వాల్సిందే, అందులో మొహమాటం లేదు.

అధ్యాపకులకు ఫైన్ ఎప్పుడూ లేదు, అందుకే గడువూ లేనట్టే ఉండేది. మెసేజ్ వాళ్లకూ వెళ్లడం మొదలైన వారంలోనే ఓ సీనియర్ ప్రొఫెసర్ ఫోన్ చేశారు.

"ఏమయ్యా, నా ఫ్లూయిడ్ మెకానిక్స్ ఎవరికి కావాలి?"

"సెకండియర్ అమ్మాయికండీ."

మర్నాడు అటెండర్ చేత పంపించారు. మార్జిన్ల నిండా పెన్సిల్ రాతలు. చెరిపేద్దామని రబ్బరు తీశాను. రెండు పేజీలు చదివి, రబ్బరు సొరుగులో పడేసి, ఆ అమ్మాయికి అలాగే ఇచ్చేశాను.