నీచు మానేయమన్నారు, మరి బీ12 ఎక్కడిది?

పోయిన భాగంలో హాస్టల్ మెస్‌లో గుడ్డు గురించి రాశాను. ఈసారి కూర, మందుబిళ్ళ, రెండూ కలిపి మాట్లాడాలి. నా పీహెచ్‌డీ తెలుగు సాహిత్యంలో, వైద్యంలో కాదు. కానీ వాడలో బిళ్ళలు మింగేవాళ్ళ మధ్య బతికిన మనిషికి ఈ సంగతి ఎత్తడానికి ఇంకో డిగ్రీ అక్కర్లేదనుకుంటా.

మా అమ్మ తొమ్మిదేళ్ళుగా సుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతోంది. నెలనెలా ఆశా వర్కర్ పేరు రాసుకుని ఇస్తుంది, డబ్బులేం తీసుకోరు. మిరపకోతలకి పోయే ఆడమనిషికి ఇది చిన్న విషయం కాదు. పోరాడి సాధించుకున్న ప్రభుత్వ వైద్యం అది, దాన్ని తీసిపారేసే మాట నేననను. దాంతోపాటు కడుపులో మంటకని రోజూ పొద్దున్నే ఒక గ్యాస్ బిళ్ళ. అది మొదట ఎవరు రాశారో, ఎన్నాళ్ళు వాడమన్నారో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

రెండేళ్ళ కిందట అరికాళ్ళు మంటలంది. తర్వాత తిమ్మిర్లు. ఒకరోజు చేలోంచి ఇంటికొచ్చి చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. టౌన్‌లో ప్రైవేటు డాక్టరుకి చూపిస్తే, "సుగర్ వాళ్ళకి నరాలు ఇట్లాగే అవుతాయమ్మా" అని మంట తగ్గడానికి బిళ్ళ రాశాడు. వెళ్ళేటప్పుడు, "నీచు పూర్తిగా మానెయ్" అన్నాడు. అమ్మ మానేసింది. డాక్టరు చెప్పాడంటే అమ్మకి అది వేదమే, ఆ మాటకి మన్నించాలి.

ఇప్పుడు లెక్క చూడండి. బీ12 అనే విటమిన్ నరాలకీ రక్తానికీ కావాలి. రోజుకి రెండు మూడు మైక్రోగ్రాములు చాలు, చిటికెలో వెయ్యో వంతు కూడా కాదు. కానీ అది ఏ ఆకుకూరలోనూ, ఏ పప్పులోనూ, ఏ రాగిసంకటిలోనూ దొరకదు. మాంసం, చేప, గుడ్డు, పాలు, ఇంతే. కార్జంలో బోలెడంత ఉంటుంది. తిన్నదాంట్లోంచి దాన్ని విడదీయడానికి కడుపులో యాసిడ్ కావాలి, గ్యాస్ బిళ్ళ ఆ యాసిడ్‌నే తగ్గిస్తుంది. విడిపోయినదాన్ని చిన్నపేగు చివర పీల్చుకోవాలి, మెట్‌ఫార్మిన్ అక్కడ అడ్డం పడుతుంది. కాలేయంలో కొన్నేళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి మొదట్లో ఏమీ తెలియదు. నిల్వ అయిపోయాక కాళ్ళు చెప్తాయి. అప్పుడు కూడా అచ్చం సుగర్ వల్ల వచ్చే తిమ్మిర్లలాగే చెప్తాయి. రక్తపరీక్ష చేస్తే తప్ప తేడా తెలియదు. సుగర్ అని ముందే తీర్పు రాసేస్తే ఆ పరీక్ష ఎవరు రాస్తారు?

ఇదేం కొత్తగా కనిపెట్టిన రహస్యం కాదు. 1971లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 2010లో అదే పత్రికలో నెదర్లాండ్స్ అధ్యయనం వచ్చింది: 390 మందిని నాలుగేళ్ళకి పైగా గమనిస్తే, మెట్‌ఫార్మిన్ వాడినవాళ్ళలో బీ12 ఉత్తుత్తి బిళ్ళ వాడినవాళ్ళకంటే 19 శాతం తగ్గింది. 2022 జూన్‌లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ దీన్ని మామూలుగా కనిపించే దుష్ప్రభావాల్లో చేర్చి, లక్షణాలుంటే పరీక్ష చేయమని డాక్టర్లకి చెప్పింది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా సుగర్ ఉందని ఐసీఎంఆర్ 2023లో ప్రకటించింది. వాళ్ళలో ఎంతోమంది వాడేది ఈ బిళ్ళే. బిళ్ళ మా వాడ గుమ్మం దాకా వచ్చింది. పరీక్ష మాత్రం రాలేదు.

ఇక నీచు అనే మాట. ఇది నా సబ్జెక్టు కాబట్టి కాసేపు ఆగుతాను. చేపనీ మాంసాన్నీ నీచు అనే తెలుగు ఎవరి వంటింట్లో పుట్టింది? మా అమ్మమ్మ నోట ఆ మాట నేను వినలేదు. ఆమెకి అది కూర. పెద్దకూర, కార్జం, ఎండు తునకలు, బొక్కల పులుసు, ఒక్కోదానికీ ఒక్కో పేరు. తినేవాణ్ణీ తిండినీ కలిపి కిందికి తోసిన భాష ఇది. అదే మాట ఇప్పుడు మందుల చీటీ మీదికి ఎక్కింది. కొవ్వు తగ్గించమంటే, వేపుళ్ళు మానమంటే అది వైద్యం. "నీచు మానెయ్" అని, దాని బదులు ఏం తినాలో చెప్పకపోతే మాత్రం అది వైద్యం కాదు, అగ్రకులపు పథ్యం. పాలు తాగొచ్చు కదా అంటారు. మా ఇంట్లో పాలు టీలోకే.

మరి కూర తిందామన్నా ఎక్కడుంది? 1977 చట్టం ప్రకారం కూడా ముసలి ఎద్దునీ గేదెనీ సర్టిఫికెట్ ఉంటే కోయొచ్చు. అయినా బండి ఆపి కొడతారన్న భయంతో మా దగ్గర ఆదివారం కొట్టు ఎత్తేశారు. పేదవాడికి అందుబాటులో ఉన్న బీ12 అట్లా ఒక దారిలో పోయింది. మిగిలింది బిళ్ళ ఇంకో దారిలో లాగేస్తోంది.

మందు తీసుకునేదాన్ని ప్రభుత్వం తిరిగి ఇవ్వలేదా అంటే, ఇవ్వగలదు. టీబీకి వాడే ఐసోనియాజిడ్ శరీరంలో బీ6ని హరిస్తుంది, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. మద్రాసులో 1956లో మొదలైన టీబీ పరిశోధన కేంద్రం పేద రోగులకి ఇళ్ళ దగ్గరే మందులిచ్చి చూసింది. మోతాదు ఎక్కువైన వాళ్ళకి నరాల జబ్బు రావడమూ, కొద్దిపాటి బీ6 కలిపిస్తే అది రాకపోవడమూ అక్కడి డాక్టర్లే రాసి పెట్టారు. టీబీ రోగికి తిండి కూడా వైద్యమేనని 2018 నుంచి నెలకి 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 ఇస్తున్నారు. సకాలంలో అందుతుందా లేదా అనేది వేరే పోరాటం. సూత్రం మాత్రం ఒప్పుకున్నారు. టీబీలో ఒప్పుకున్నది సుగర్‌లో ఎందుకు ఒప్పుకోరు?

అమ్మకి చివరికి బయట ల్యాబులో పరీక్ష చేయించాం. దానికైంది ఆమె రెండు మూడు రోజుల కూలి. బీ12 148 వచ్చింది, 200 లోపుంటే లోపం కింద లెక్క. సూదులు వేశారు, తర్వాత బిళ్ళలు. మెట్‌ఫార్మిన్ ఆపలేదు, ఎవరూ సొంతంగా ఆపకండి. మంటలు చాలావరకు తగ్గాయి. కుడి పాదంలో మొద్దుబారిన చోటు మాత్రం అట్లాగే ఉంది. ఆలస్యమైతే నరం పూర్తిగా తిరిగి రాకపోవచ్చని చెప్పారు. ఇప్పుడు వెనక పట్టీ ఉన్న చెప్పులే కొంటున్నాం.

సంక్రాంతికి ఊరెళ్ళే విద్యార్థులకి ఒక పని. వాడలో సుగర్ బిళ్ళ వాడే పెద్దవాళ్ళని నాలుగు సంగతులు అడిగి రాసుకు రండి: ఎన్నేళ్ళుగా వాడుతున్నారు, గ్యాస్ బిళ్ళ కూడా ఉందా, కాళ్ళకి తిమ్మిర్లున్నాయా, బీ12 పరీక్ష ఎవరైనా రాశారా. కూర మానేయమన్నారా అనేది కూడా అడగండి, నీచు అనే మాట వాడకుండా. పేర్లు వద్దు, ఊరూ వయసూ చాలు. పండగయ్యాక ఆ కాగితాలు తీసుకుని జిల్లా వైద్యాధికారి దగ్గరికి వెళ్దాం. పరీక్ష పీహెచ్‌సీలోనే చేయమనీ, లోపం ఉన్నవాళ్ళకి బీ12 అదే ఆశా సంచిలో పెట్టి పంపమనీ అర్జీ ఇద్దాం.