బోరింగు పానా

మా కనిగిరి వైపు చేతిపంపుని బోరింగు అంటాం. ఆఫ్రికాలోని మలావీలో మ్జిగో అంటారు. చెడిపోతే మాత్రం రెండూ ఒకే రకంగా మూలుగుతాయి. ఎంత కొట్టినా నీళ్ళు ఎక్కక, లోపల ఒట్టి గాలి గురగురమంటుంది. నా చిన్నప్పుడు అమ్మ వంటింట్లోంచే ఆ చప్పుడు విని "వాసర్లు పోయినయ్" అనేది. ఆ తర్వాత వారానికో పది రోజులకో మెకానిక్కు వచ్చి, విప్పి చూసి, అదే మాట చెప్పేవాడు. ఆయనకి టీ, కుర్చీ, కొత్త వాసర్లకి డబ్బులు. అమ్మకి మళ్ళీ బిందె.

నేనుండేది ఒట్టావాలో. పైపుల ఇంజినీర్ని. 2017లో కెనడా ప్రభుత్వం తన విదేశీ సాయానికి స్త్రీవాద విధానమని పేరు పెట్టింది. దేశాలకి నేరుగా ఇచ్చే అభివృద్ధి సాయంలో 95 శాతం, ఆడా మగా సమానత్వాన్ని లెక్కలోకి తీసుకున్న పనులకే వెళ్ళాలని లక్ష్యం పెట్టుకుంది. దాంతో నాలాంటి పైపులవాళ్ళకీ సమానత్వం చదువు తప్పలేదు. రెండేళ్ళకి ఆఫీసులో సెలవు పెట్టి, ఆరు నెలల ఫెలోషిప్పు మీద మలావీ వెళ్ళాను.

బయల్దేరే ముందు రెండు వారాల తరగతులు. కెరొలిన్ మోజర్ అనే పరిశోధకురాలు చెప్పిన తేడా అక్కడే విన్నాను. ఇంటి దగ్గర నీళ్ళు దొరికితే ఆడమనిషికి మోత తగ్గుతుంది. ఆ నీళ్ళ మీద ఆమె మాట చెల్లితే ఆమె స్థానమే మారుతుంది. ఈ రెండూ ఒకటి కావు. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ వాళ్ళ మార్కుల పద్ధతి కూడా నేర్పారు. పథకానికి సమానత్వం ఊసే లేకపోతే 0, ఉన్న లక్ష్యాల్లో అదీ ఒకటైతే 1, పథకం పుట్టిందే అందుకైతే 2. మార్కులంటే నాకు చిన్నప్పట్నుంచీ ఆశే.

మచింగా జిల్లాలో మేం వెళ్ళిన ఊరి నీటి కమిటీలో పదిమంది. అందులో ఆరుగురు ఆడవాళ్ళు, కోశాధికారి కూడా ఆడమనిషే. అక్కడి యావో జనానికి వంశం తల్లి వైపు నుంచి వస్తుంది, భూమి తల్లి నుంచి కూతురికి. పెళ్ళయ్యాక మగవాడే అత్తగారి ఊరికి వస్తాడు. మన మాటల్లో చెప్పాలంటే ఊరంతా ఇల్లరికమే. ఇంకేం, మార్కులేసే ఫారంలో గడి గడికీ టిక్కు పెట్టుకుంటూ పోయాను. నేను సాయంత్రం నాలుగింటికి పెట్టిన మీటింగులోంచి, పొయ్యి వెలిగించే వేళయిందని నలుగురు ఆడవాళ్ళు మధ్యలోనే లేచిపోయారు. నా హాజరు పట్టీలో మాత్రం ఆరుగురూ ఉన్నారు.

ఫెలోషిప్పులో నాకు జోడీగా వేసింది మలావీ అమ్మాయిని. తనూ ఇంజినీరే, నాకంటే పదేళ్ళు చిన్న. నా ఫారం తిరగేసి ఒక్కటే అడిగింది.

"పానా ఎవరింట్లో ఉంటుంది?"

తెలీదన్నాను. వెళ్ళి చూస్తే డబ్బుల పెట్టె కోశాధికారి మంచం కింద ఉంది. దాని తాళంచెవి ఆమె మేనమామ మెడలో ఉంది. పానా కూడా ఆయన ఇంటి గోడకే వేలాడుతోంది. భూమి ఆడపిల్లదే, మాట మేనమామది! మేనమామ పెద్దరికం సంగతి తెలుగువాడికి ఇంకొకళ్ళు చెప్పాలా? నాకు తట్టలేదు మరి.

అంతకుముందు ఎవరో ఆ ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళకి పంపు బాగుచెయ్యడం నేర్పి వెళ్ళారట. ఇద్దరూ ఊరి అల్లుళ్ళే. ఒకడు జోనీ వెళ్ళిపోయాడు. జోహన్నెస్‌బర్గుని వాళ్ళు అలాగే అంటారు, మనవాళ్ళు గల్ఫు దేశాలన్నిటినీ కలిపి దుబాయి అనేసినట్టు. రెండోవాడు పెళ్ళాంతో తెగిపోయి తల్లి ఊరికి వెళ్ళిపోయాడు. నేర్పిన పని వాళ్ళతోపాటే పోయింది. నా జోడీ ఇంజినీరు ఆ మేనమామ ముందు నేల మీద కూర్చుని, సమానత్వమన్న మాట ఎత్తకుండా అడిగింది: "అల్లుళ్ళు పోయారు. నీ మేనకోడళ్ళు ఎక్కడికి పోతారు?" ఆయన కాసేపు నవ్వి, లేచి, పానా దించాడు.

మన ఇండియా మార్క్ టూ పంపుకి వాసరు మార్చాలంటే గొట్టాలన్నీ పైకి లాగాలి. దానికి నలుగురు మనుషులు, సామాన్లు. మలావీలో ఉండేది ఆఫ్రిడెవ్, 1980లలో అక్కడా కెన్యాలోనూ రూపుదిద్దుకున్న పంపు. ఊరివాళ్ళే బాగుచేసుకోవాలని దానికి ఒకే ఒక్క పానా సరిపోయేలా చేశారు. మేనకోడళ్ళకి పని నేర్పిన నాలుగో రోజున ఒకావిడ, బిడ్డని చితెంజె గుడ్డతో వీపుకి కట్టుకుని, మూత విప్పి పంపు చెయ్యి ఊడదీసింది. లోపలి కడ్డీలు ఒకదానికొకటి కొక్కేల్లా తగులుకుని ఉంటాయి. ఒక్కొక్కటీ లాగి, కొక్కెం తప్పించి, పక్కన పేరుస్తూ పోయింది. చివర్న వచ్చిన రబ్బరు సీలుని గోటితో గీకి, అరిగిన వైపు నాకు చూపించింది. వీపు మీద బిడ్డ లేవనే లేదు.

ఇలాంటి ఫెలోషిప్పుల్లో ఇటు నుంచి అటు పంపేవాటికంటే, అటు నుంచి ఇటు రప్పించేవే నయమనిపిస్తుంది నాకు. నోవా స్కోషియాలో యాంటిగొనిష్ అనే చిన్న ఊళ్ళో కోడీ ఇన్‌స్టిట్యూట్ 1959 నుంచీ ఆ పని చేస్తోంది. పానా సంగతి తెలిసినవాళ్ళు వచ్చి ఒట్టావాలో ఫారాలు రాస్తే కొన్ని గళ్ళు మారతాయి.

తిరిగొచ్చాక అమ్మకి ఫోన్లో ఇదంతా గొప్పగా చెప్పాను. ఆడవాళ్ళే బోరింగు విప్పుతున్నారని, పానా ఇప్పుడు వాళ్ళ దగ్గరే ఉంటోందని. అమ్మ అంతా విని, "వాసర్లేనా పోయింది?" అంది. అవునన్నాను.

"రిపేరుకి ఎంతిస్తార్రా వాళ్ళకి?"

"ఇవ్వడమేంటమ్మా, వాళ్ళ ఊరి పంపేగా. వాళ్ళే చేసుకుంటారు."

"ముందు చేసిన మగోళ్ళకి?"

రిపేరుకింతని కమిటీ డబ్బులోంచే ఇచ్చేవాళ్ళు. ఆ పద్దు నేను కళ్ళారా చూశాను. ఫోను చెవికి పెట్టుకునే, పంపేసిన రిపోర్టు తెరిచి వెతికాను. అందులో ఆ గడి లేదు.