పచ్చ బోర్డుల నైరోబి

నైరోబిలో ఏ సందులో చూసినా ఫోన్‌తో డబ్బు పంపే ఎం-పెసా సేవ పచ్చ బోర్డే. కూరగాయల బండి దగ్గరా, మటాటూ మినీబస్సులోనూ, ఇంటద్దెకూ ఫోన్‌తోనే చెల్లింపు. నేను లెక్కలు చూసే హార్డ్‌వేర్ షాపులో గల్లాపెట్టెలోని నోట్లకన్నా షాపు ఎం-పెసా టిల్ నంబరుకు వచ్చే షిల్లింగులే ఎక్కువ. 2007 మార్చిలో ఫోను కంపెనీ సఫారీకామ్ ఎం-పెసాను మొదలుపెట్టినప్పుడు కెన్యా కేంద్ర బ్యాంకు చట్టం వచ్చేదాకా ఆగమనలేదు. జనం సొమ్ము ట్రస్టు ఖాతాలో విడిగా ఉండాలని చెప్పి, అభ్యంతరం లేదని లేఖ ఇచ్చింది. బ్యాంకు గడప తొక్కని కూలీలు ఊళ్లో ఉన్న తల్లులకు నిమిషంలో డబ్బు పంపగలుగుతున్నారంటే ఆ తెగువే కారణం.

అయితే ఫోను కంపెనీ, డబ్బు కంపెనీ ఒకటే అయ్యాయి. ఎం-పెసా కావాలంటే సఫారీకామ్ సిమ్ ఉండాల్సిందే. 2011లో నంబరు మార్చకుండానే కంపెనీ మారే వీలొచ్చినా జనం పెద్దగా కదల్లేదు. డబ్బున్న చోటు వదిలి ఎవరు పోతారు? పైగా ఏజెంట్లు ఇంకో కంపెనీకి పనిచేయకూడదని ఒప్పందం. పోటీ కంపెనీ ఎయిర్‌టెల్ ఫిర్యాదు చేశాక, 2014లో గానీ ఆ షరతు పోలేదు. ఒక కంపెనీ వాలెట్ నుంచి మరోదానికి నేరుగా పంపే వీలు 2018లో వచ్చింది. దుకాణాల చెల్లింపులకు 2022 దాకా ఆగాల్సి వచ్చింది.

ఏజెంట్ల వ్యవస్థను సొంత ఖర్చుతో కట్టుకున్నాం కదా అని కంపెనీ వైపువాళ్లంటారు. నిజమే, ఆ ప్రతిఫలం దక్కాలి. కానీ దేశమంతా నడిచే దారి అయ్యాక అది ఒక్కరి పెరడు కాదు. పైగా నియమాలు పెట్టాల్సిన ప్రభుత్వమే ఆ కంపెనీలో పెద్ద వాటాదారుగా ఉంటూ, ఏటా డివిడెండు అందుకుంటూ వచ్చింది. ఫోను సంగతి ఒక సంస్థది, డబ్బు సంగతి కేంద్ర బ్యాంకుది, పోటీ సంగతి ఇంకో సంస్థది. జాప్యానికి ఇంతకన్నా ఏం కావాలి?

మన దేశంలో 2016లో వచ్చిన యూపీఐకి సిమ్ ఏ కంపెనీదన్నది అడ్డు కాదు. గుంటూరులో మా చెల్లెలు పాలవాడికి పంపే డబ్బుకు ఛార్జీ పడదు. అక్కడా రెండు యాప్‌లే పెత్తనం చేస్తున్నాయి, ఒక్కో యాప్ వాటా లావాదేవీల్లో 30 శాతం మించకూడదన్న పరిమితి వాయిదాపడుతూనే ఉంది. అయినా దారి మాత్రం వాటి సొంతం కాదు.

ఎం-పెసాను విడి కంపెనీ చేయాలా అన్న చర్చ ఇక్కడ ఏళ్లుగా నలుగుతోంది. చేయాలనే నా అభిప్రాయం. అది తేలేలోగా దాని లెక్కలైనా ఫోను వ్యాపారం నుంచి వేరుచేసి బయటపెట్టాలి, ఏ నెట్‌వర్క్‌కు పంపినా ఛార్జీ ఒకటే ఉండాలి.