సింధియా స్టాప్, కాల్టెక్స్ గోడ

మల్కాపురంలో పాతవాళ్ళని అడ్రస్ అడిగితే "కాల్టెక్స్ దాటాక" అనో, "సింధియాలో దిగు" అనో చెప్తారు. ఈ రెండు కంపెనీలూ ఇప్పుడు ఇక్కడ లేవు. కోడ్ రాసినవాడు వెళ్ళిపోయినా వేరియబుల్ పేరు ఎవరూ మార్చరు కదా, అలా మిగిలిపోయాయి. చిన్నప్పుడు నేను సింధియా అంటే ఎవరో మేడమ్ పేరు అనుకునేవాణ్ణి!

నిజానికది బొంబాయి షిప్పింగ్ కంపెనీ, సింధియా స్టీమ్ నావిగేషన్. వాళ్ళ మొదటి ఓడ 'లాయల్టీ'ని గ్వాలియర్ సింధియా మహారాజు దగ్గర కొన్నారు, కంపెనీకి ఆ పేరే పెట్టుకున్నారు. ఆ కంపెనీని నడిపిన వాల్‌చంద్ హీరాచంద్ 1941లో విశాఖలో షిప్‌యార్డ్ మొదలుపెట్టారు. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఊరి మీద బాంబులు వేశాయి. అయినా యార్డ్ నిలబడింది. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి 'జల ఉష'ని నీళ్ళలోకి దింపారు. స్వతంత్ర భారతంలో తయారైన మొదటి పెద్ద ఓడ అది. తర్వాత ప్రభుత్వం తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డ్ చేసింది. గ్వాలియర్ రాజుల ఇంటిపేరు మాత్రం మా బస్‌స్టాప్‌కి ఉండిపోయింది.

కాల్టెక్స్ రిఫైనరీ 1957లో వచ్చింది. 1978 నుంచి అది హెచ్‌పీసీఎల్.

తాతయ్య విజయనగరం వైపు పల్లె నుంచి వచ్చి షిప్‌యార్డ్‌లో వెల్డర్‌గా చేరారు. పనికి సైకిల్ మీద పది నిమిషాల్లో వెళ్ళొచ్చని ఇక్కడే స్థలం కొన్నారు. కాలేజీలో "ఆ రిఫైనరీ పక్కన ఎలా ఉంటార్రా?" అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. చుట్టుపక్కల ఇళ్ళు చాలావరకు అలా వచ్చినవే.

1997 సెప్టెంబర్ 14, ఆదివారం తెల్లవారాక రిఫైనరీలో గ్యాస్ లీకై మంటలు లేచాయి. యాభై మందికి పైగా చనిపోయారు. మల్కాపురం మొత్తం ఖాళీ అయింది. మామ్మ చేతికి దొరికిన రేషన్ కార్డు, ఇంటి కాగితాలు పట్టుకుని నడిచిందట. తలుపుకి తాళం వేసిందో లేదో దారంతా అదే ఆలోచన. తిరిగొచ్చేసరికి తాళం వేసే ఉంది, తాళంచెవి మాత్రం లేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా మామ్మ తాళంచెవి దగ్గరే ఆగుతుంది, మంటల గురించి ఎక్కువ మాట్లాడదు.

ఇప్పుడు నాన్న ఇల్లు అమ్మేసి మధురవాడ వెళ్దామంటున్నారు. ఆయన లెక్క తప్పు కాదు. 1957లో ఏడాదికి ఏడు లక్షల టన్నుల లోపు శుద్ధి చేసిన రిఫైనరీ సామర్థ్యం ఇప్పుడు కోటీ యాభై లక్షల టన్నులు. మా వీధి వెడల్పు మాత్రం పెరగలేదు. నాకు ఉద్యోగం వచ్చినా ఋషికొండ వైపే వస్తుంది. మామ్మ మాత్రం "నాను రాను, మీరెల్లండి" అంటోంది. రాత్రి డాబా ఎక్కితే ఫ్లేర్ మంట కనిపిస్తుంది, దాన్ని చూస్తే నాన్న మాటే సరైనది అనిపిస్తుంది. పొద్దున్న అరుగు మీద మామ్మతో షిప్‌యార్డ్ రిటైరైన తాతలు కబుర్లు చెప్తుంటే ఆ మాట నోటికి రాదు.

వచ్చే ఆదివారం ఫ్లాట్ చూడ్డానికి వెళ్తున్నాం. మామ్మ కూడా వస్తానంది, "సూడ్డానికే" అని రెండుసార్లు చెప్పి మరీ.